ఆరో ప్రశ్నలో తప్పిన బావ

ఆ కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది అరవై నాలుగు మంది. వాళ్లలో అరవై ముగ్గురు, గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు మీది పాఠం పరీక్ష పాసయ్యారు. తప్పింది ఒక్కడే, కంప్రెసర్ గది ఆపరేటరు. ఆయన ట్రైనింగ్ మాస్టారికి స్వయానా అక్క మొగుడు.

ఈ బావ ముక్కు గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. గేటు దగ్గర సైకిల్ దిగుతూనే గాలి పీల్చి, ఫలానా వాల్వు బిగించండి అనేవాడట. ఆయనకి జలుబు చేస్తే కంపెనీయే డాక్టర్ని ఇంటికి పంపేదట. ఇందులో సగం కోసేసినా, ఇరవై ఆరేళ్లుగా ఆ పైపుల మధ్య ఎవరికీ చిటికెడు హాని జరక్కుండా చూసుకొచ్చిన మాట నిజం.

పరీక్షల గొడవ హెడ్డాఫీసు తెచ్చిపెట్టింది. ఆన్‌లైన్‌లో పాఠం చూస్తే చాలదు, ప్రతి పాఠం చివరా పది ప్రశ్నలు చేర్చాలన్నారు. శుక్రవారం ఐదింటికల్లా పాసవ్వని పేరు ఎర్రగా పడుతుంది, ఎర్రపేరు వాడు సోమవారం నుంచి గేటు దాటకూడదు. మాస్టారు పన్నెండు పాఠాలకి నూట ఇరవై ప్రశ్నలు రాశాడు. ప్రశ్నలు రాయడం ఒక ఎత్తు, ఒక్కోదానికి మూడేసి తప్పు జవాబులు పుట్టించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సేవ్ నొక్కిన ప్రతిసారీ తెరమీద గుండ్రం తిరుగుతూ కూర్చునేది. ఆ తిరుగుడుకి తిరగలి తగిలిస్తే ఊరందరికీ పిండి పట్టేది.

శుక్రవారం రెండున్నరకి అక్క ఫోన్ చేసింది.

"మీ బావని ఫెయిల్ చేశావటగా. ఇన్నేళ్ల కాపురంలో నావల్ల కాలేదురా ఆ పని. సోమవారం ఆయన ఇంట్లో కూర్చుంటే మాత్రం నీ దగ్గరికే తోలేస్తాను."

మాస్టారు బావ జవాబులు తెరిచి చూశాడు. మూడుసార్లు రాసి, మూడుసార్లూ ఆరో ప్రశ్న దగ్గరే తప్పాడు. ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న కాబట్టి మిగతా తొమ్మిదీ ఒప్పైనా లాభం లేదు. మూడు అవకాశాలూ అయిపోయి తాళం పడింది. అమ్మోనియా లీకైతే ఎటు పరిగెత్తాలి? బావ మూడుసార్లూ "గాలికి అడ్డంగా, పక్కకి" అనే నొక్కాడు. సరైన జవాబూ అదే. సిస్టమ్ మాత్రం "గాలి పోయే వైపుకి" అన్నదాన్ని ఒప్పంటోంది.

మాస్టారు తను రాసుకున్న కాగితం తీశాడు. ఆరోదానికి మూడో జవాబు. అప్పుడు వెలిగింది. టిక్కు పెట్టబోతుంటే ఎవరో పిలిచారు, తిరిగొచ్చి మళ్లీ తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ ఆ మాయదారి సిస్టమ్ జవాబుల్ని పేకముక్కల్లా కలిపేస్తుంది. చదవకుండా మూడోదానికి టిక్కు కొట్టేశాడు.

మరి మిగతావాళ్లు ఎలా పాసయ్యారయ్యా అంటే, ప్యాకింగ్ హాల్లో మొదట రాసినవాడు ఆరోది తప్పి, రెండోసారి ఇంకో జవాబు నొక్కి, సిస్టమ్‌కి నచ్చిన జవాబులన్నీ ఫోన్లో అందరికీ పంపాడు.

సరిచేద్దామని నొక్కితే, జనం రాసేసిన ప్రశ్న మార్చడం కుదరదంది. మార్చాలంటే అందరి ఫలితాలూ చెరిపేయాలట. మాస్టారు మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన తేలిగ్గా తేల్చేశాడు. తాళం తీయిస్తాను, మీ బావని ఆ ఒక్కటీ సిస్టమ్ అడిగినట్టు నొక్కమను, ప్రశ్న సంగతి వచ్చే నెల చూసుకుందాం, అన్నాడు.

బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి అంతా విన్నాడు.

"ఒక్క నొక్కు బావా. నాకోసం."

"నొక్కుతాలే బామ్మర్దీ. ముందు ప్యాకింగ్ హాల్లో ఎవర్నైనా అడిగి రా, లీకైతే ఎటు పోతారో."

మాస్టారు విసుక్కుంటూనే వెళ్లాడు. పెట్టెకి టేపు అంటిస్తున్న ఆవిడ తలైనా ఎత్తకుండా వెనక గేటు వైపు చెయ్యి చూపించింది.

"గాలి అటే కదా సార్, అటే. నాకు పదికి పది."

గ్యాసు కూడా అటే వస్తుంది. మాస్టారు గదికొచ్చి, నిల్చునే ఫలితాలన్నీ చెరిపేసి, ఆరో ప్రశ్న టిక్కు సరిచేశాడు. అరవై నాలుగు పేర్లూ ఎర్రబడ్డాయి. టైము మూడూ ఇరవై.

తర్వాత జరిగింది పరీక్ష కాదు, తొక్కిసలాట. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. ఫోన్లు బయట పెట్టించాడు. జనం తిట్టారు, మేనేజరు తిట్టాడు, గుండ్రం తిరిగింది. బావ గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చే ప్రతివాణ్నీ ఆపి, రుమాలు పట్టుకుని గాలెటో చూడమని, ఎటు పక్కకి తప్పుకోవాలో చెప్పించుకుని మరీ వదిలాడు. ఎంత పిలిచినా తన వంతుకి రాలేదు.

ఐదింటికి పరీక్ష మూసుకుపోయింది. యాభై ఎనిమిది పచ్చ, ఆరు ఎరుపు. ఆ ఆరుగురిలో బావ ఒకడు.

మాస్టారు హెడ్డాఫీసుకి ఫోన్ కొట్టాడు. సోమవారం పదింటి తర్వాత చేయమంది రికార్డింగు గొంతు. ఫోన్ బల్లమీద పడేసి తల పట్టుకున్నాడు.

బావ కుర్చీ లాక్కున్నాడు. "కాగితం ఇలా తే. సోమవారం నా చోట నిలబడేవాడికి ఏ వాల్వు ఎట్లా మొరాయిస్తుందో రాసిద్దాం. నేను చెప్తాను, నువ్వు రాయి. ఈసారి చదువుకుంటూ రాయి."