పెద్ద కొమురయ్య నలభై బస్తాలు

మే నెల ఎండలో స్వెట్టరు తొడుక్కునే మనిషి కేసముద్రం మొత్తం మీద ఒక్కడే ఉంటాడు. అతని పేరు వీరేశం. కోల్డ్ స్టోరేజీలో రెండో గది తలుపు పక్కన మేకుకు వేలాడే ముదురెరుపు స్వెట్టరును రోజూ పొద్దున తొమ్మిదింటికి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, చెవులకు తువ్వాలు చుట్టుకుని, టార్చిలైటుతో లోపలికి పోతాడు. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల ఏడు. మధ్యలో ఒక్క తలుపు.

లోపలంతా చీకటి, చలి, ఎండుమిర్చి ఘాటు. కప్పు దాకా పేర్చిన బస్తాల మధ్య సన్నటి దారుల్లో అతను మెల్లగా నడుస్తాడు. టార్చి వెలుగు ఒక్కో బస్తా మీద రాసిన పేరు దగ్గర కాసేపు ఆగి ముందుకు పోతుంది. తారి, ఇనుగుర్తి. మహేందర్, నెక్కొండ. దానియేలు, కేసముద్రం. పెదాలు కదులుతాయి కానీ గొంతు రాదు. ఏడాదంతా చేలల్లో వేగిపోయిన వాళ్లు ఇక్కడికొచ్చి చల్లగా పక్కపక్కన పడుకున్నట్టు అనిపిస్తుంది అతనికి. వాళ్లకు మెలకువ వస్తుందేమోనని చెప్పుల చప్పుడు కూడా కానివ్వడు.

పద్నాలుగో వరుస దగ్గర రోజూ కాస్త ఎక్కువసేపు ఆగుతాడు. అక్కడ నలభై బస్తాల మూతులకు ఎర్ర రుమాలు పీలికలు కట్టి ఉంటాయి. పెద్ద కొమురయ్య, కొడకండ్ల. ఇవాళ అక్కడ నిలబడితే చలి ఎక్కువైనట్టనిపించింది.

బయటికొచ్చి, మసకబారిన అద్దాలు తుడుచుకుని కుర్చీలో కూర్చోగానే బల్ల మీది కొత్త కంప్యూటరు సిస్టం పలకరించింది.

“నమస్కారం వీరేశం గారూ. పెద్ద కొమురయ్య గారు ఉన్నారా?”

నాలుగు రోజులుగా ఇదే ప్రశ్న. తెర మీద దాని కింద మూడు గడులు: ఉన్నారు, లేరు, తర్వాత. నాలుగు రోజులుగా వీరేశం ‘తర్వాత’ నొక్కుతున్నాడు. గారూ అనే మర్యాద దానికి ఎవరు నేర్పారో కానీ, ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో సేట్ల నోట అతను ఆ మాట వినలేదు. స్టోరేజీ యజమాని పెద్దసేటు ‘ఏయ్ వీరేశం’ అనేవాడు. ఆయన కొడుకు శ్రీకర్ నయం, ‘కాకా’ అంటాడు.

చెప్పుకోదగ్గ పనేదైనా చేశావా అని ఎవరైనా అడిగితే వీరేశం చాలాసేపు ఆలోచించి లేదనే అంటాడు. వచ్చిన బస్తా ఎవరిదో రాశాడు, పోయిన బస్తా ఎవరు తీసుకుపోయారో రాశాడు. మొదట రిజిస్టర్లలో, తర్వాత కంప్యూటరులో. వేళ్ల కొసలకు పట్టిన మిర్చి ఎరుపు ఏ సబ్బుకూ వదల్లేదు, ఎడమ కంట్లో నీరు ఏ మందుకూ ఆగలేదు. అంతే అతని కథ.

ఫిబ్రవరిలో శ్రీకర్ ఈ కొత్త సిస్టం తెప్పించాడు. పాత రిజిస్టర్లన్నిటికీ ఫోటోలు తీసి ఇస్తే అది నాలుగు రోజుల్లో చదివేసింది. కట్టుకున్న భార్యకు కూడా అర్థంకాని తన చేతిరాతను అది గడగడా చదువుతుంటే వీరేశానికి గర్వమూ కలిగింది, భయమూ కలిగింది. ఇప్పుడు రైతులు ఫోను చేస్తే అదే మాట్లాడుతుంది. బస్తాల మీద అప్పులిచ్చే బ్యాంకు వాళ్లూ బీమా వాళ్లూ ఇకనుంచి దాని మాటే నమ్ముతారట. అన్నిటికన్నా అతన్ని ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. రిజిస్టరు ఏది రాస్తే అది పుచ్చుకుని ఊరుకునేది. పాత కంప్యూటరూ అంతే. ఇది తిరిగి అడుగుతుంది.

“సార్, ఇయ్యాల నాలుగింటికి ఆఖరు,” అంది పక్క బల్ల దగ్గరి ఆపరేటరు వినీత. “జవాబు చెప్పని పేర్లన్నీ లాకయిపోతయ్. ఆ బస్తాలు ఇగ కదలయ్.”

“ఉన్నడు అని నొక్కితే?”

“మనిషిని తీస్కొచ్చి కెమెరా ముంగట నిలబెట్టాలె.”

వీరేశం నవ్వబోయి మానుకున్నాడు. పెద్ద కొమురయ్య పోయి తొమ్మిదేళ్లయింది.

కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటే పుట్టారని ఆ తల్లి ఇద్దరు కొడుకులకూ కొమురయ్య అనే పేరే పెట్టుకుంది. ఒకడు పెద్ద, ఒకడు చిన్న. అటువైపు ఊళ్లలో ఇదేమీ వింత కాదు. పెద్దవాడు పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి సంసారమే తనదనుకున్నాడు. ఏటా పంట రాగానే మొదటి నలభై బస్తాలు అన్న పేరు మీద, మిగతావి తమ్ముడి పేరు మీద పెట్టేవాళ్లు. తొమ్మిదేళ్ల కింద ఈ గేటు ముందే, ట్రాక్టర్ల వరుసలో తన వంతు కోసం ఎదురుచూస్తూ, బస్తాలకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు పెద్ద కొమురయ్య. తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని ఏడ్చాడు. ‘అన్న పేరు కొట్టెయ్యకు సారు. గీ నలబై గట్లనే ఉండనియ్యి,’ అన్నాడు. వీరేశం కొట్టెయ్యలేదు. ఆ ఏడే కాదు, మరుసటేడూ, ఆ పై ఏడూ, ఈ ఏడు దాకా. అది తప్పని అతనికి తెలుసు. తెలిసే రాశాడు.

మనసులో మాట చెప్పాలంటే, పేరు కొట్టెయ్యడం అతనికి చేతకాదు. భార్య జానకి పోయి మూడేళ్లయినా ఇంటి గ్యాసు ఆమె పేరు మీదే వస్తుంది. సిలిండరు మనిషి వాకిట్లో ‘జానకీ’ అని కేకేస్తే వీరేశం ‘ఆఁ, వస్తున్న’ అంటాడు. నెలన్నరకోసారి ఇంట్లో ఆ పేరు వినబడుతుంది. దానికోసమే సిలిండరు తొందరగా అయిపోతే బాగుండునని కూరలు ఎక్కువసేపు ఉడికించే రోజులు కూడా ఉన్నాయి.

పన్నెండింటికి చిన్న కొమురయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండకు నల్లగా కమిలిన మొహం, నెత్తిన తడిపిన తువ్వాలు. “సాయంత్రం లారొస్తది సారు. నలబై బస్తాలు ఇయ్యాల పోవాలె. మిరుగు కార్తె ముంగట పత్తి విత్తనం తెచ్చుకోకపోతే ఈ ఏడు భూమి పడావు పడ్డట్టే,” అన్నాడు. తన పేరు మీది బస్తాలు ఏప్రిల్లోనే అమ్ముకున్నాడు. మిగిలినవి ఇవే.

వీరేశం లేచాడు. స్వెట్టరు తొడుక్కున్నాడు. ఒక ఖాళీ గోనెసంచి కొమురయ్య భుజాల మీద కప్పి, రెండో గది తలుపు లాగాడు.

పద్నాలుగో వరుస ముందు ఇద్దరూ నిలబడ్డారు. టార్చి వెలుగులో వాళ్ల ఊపిరి తెల్లగా లేచి బస్తాల మధ్య కాసేపు తిరిగి మాయమవుతోంది. కొమురయ్య దాన్నే చూస్తున్నాడు.

“అన్న చుట్ట తాగుతున్నట్టున్నది సారు.”

“ఊఁ.”

కొమురయ్య ఒక బస్తా మూతికున్న ఎర్ర పీలికను వేళ్లతో సాపు చేశాడు. అన్న రుమాళ్లు మూడు మిగిలితే వాటినే చింపి ఏటా కడుతున్నాడు. ఈ ఏడుతో రెండోదీ అయిపోయింది. ఆ చలిలో కాలం ఎటూ కదలనట్టుంది. బయట ఏ ఏడు నడుస్తోందో చెప్పమంటే ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయేవారు. గేటు ముందు ట్రాక్టర్ల వరుస ఇంకా ఉన్నట్టూ, తలుపు తీస్తే బస్తాలకు ఆనుకుని పెద్దవాడు చుట్ట వెలిగిస్తున్నట్టూ వీరేశానికి ఒక్క క్షణం గట్టిగా అనిపించింది.

“కొమురయ్యా, అన్న లేడని ఇయ్యాల చెప్పాలె. లేకుంటే బస్తాలు కదలయ్.”

కొమురయ్య భుజాల మీది గోనెసంచిని దగ్గరికి లాక్కున్నాడు. “అంటే అన్న ఇయ్యాల పోతడా సారు?”

“ఇయ్యాల కాదు. తొమ్మిదేండ్లాయె.”

“మరి గిన్నేండ్లు ఎట్లుంచినవ్?”

“ఎవ్వలు అడగలే,” అన్నాడు వీరేశం.

కొమురయ్య గోనెసంచిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వీరేశం టార్చి ఆర్పేసి, అతను ఏడ్చినంతసేపూ చీకట్లో పక్కన నిలబడ్డాడు.

మూడున్నరకు తెర ముందు కూర్చున్నాడు. ‘లేరు’ నొక్కాడు. అలా నొక్కితే బస్తాలు వారసుల కాగితాలు వచ్చేదాకా ఆగిపోతాయి. తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగి అవి తెచ్చేసరికి వానాకాలం పోతుంది. ఆగకుండా ఉండాలంటే దారి ఒకటే ఉంది. ఆ పేరు తప్పుగా రాసిన మనిషి ‘నేనే రాశాను’ అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది నేరుగా బ్యాంకుకు పోతుంది. తప్పు రాసినవాడు మళ్లీ రికార్డు ముట్టుకోకూడదని బ్యాంకు షరతు. రికార్డులో తప్పు లేకపోతే ఇంకో రెండేళ్లు ఉండమని శ్రీకర్ పోయిన నెలే అన్నాడు. ‘గీ సిస్టం అడిగితే చెప్పనీకి నువ్వు గాక ఎవరున్నరు కాకా,’ అన్నాడు. ఆ రెండేళ్ల మీద వీరేశానికి ఆశ ఉంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసేదేముంది?

కిటికీలోంచి చూశాడు. అరుగు మీద చిన్న కొమురయ్య తెచ్చుకున్న సద్ది విప్పకుండా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“ఈ నలభై బస్తాలు ఎవరివి, వీరేశం గారూ?”

“చిన్న కొమురయ్యయి. తొమ్మిదేండ్ల సంది ఆయనయే.”

“తొమ్మిదేళ్ల చీటీల మీదా చిన్న కొమురయ్య గారి వేలిముద్రే ఉంది. అది నాకు కనిపించింది. కానీ తెలిసిన మనిషి ఒకరు చెప్పాలి. పెద్ద కొమురయ్య గారి పేరు ఎవరు రాశారు?”

“నేను.”

“చిన్న కొమురయ్య గారు రాయమన్నారా?”

వినీత టైపు చేయడం ఆపి తలెత్తింది. వీరేశం ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

“లేదు. ఆయనకు చదువు రాదు. నేనే రాసిన.”

“ఎవరు చెప్పారని నమోదు చేయమంటారు?”

“వీరేశం చెప్పిండని రాయి.”

తెర మీద చిన్న చక్రం కాసేపు తిరిగింది. పెద్ద కొమురయ్య, కొడకండ్ల: లేరు. టైము మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. కింద పచ్చరంగులో ‘బస్తాలు ఇవ్వవచ్చు’ అని వచ్చింది. తొమ్మిదేళ్లకు ఆ పేరు పక్కన నిజమైన మాట ఒకటి రాయించానన్న తృప్తి, ఒక మనిషిని తన చేత్తో సాగనంపానన్న దుఃఖం అతనికి ఒకేసారి కలిగాయి.

నాలుగున్నరకు శ్రీకర్ వచ్చాడు. బ్యాంకు మెసేజీ వచ్చిన ఫోను చేతిలోనే ఉంది. నిలబడే మాట్లాడాడు.

“ఎందుకు చెప్పినవ్ కాకా? నాకు ముందుగాల చెప్తే ఎట్లనో చూస్తుంటి.”

“ఎట్ల చూస్తుంటివి చిన్నసేటూ?”

వీరేశం తాళపుచెవులు బల్ల మీద పెట్టాడు. శ్రీకర్ వాటిని తీసుకోలేదు, వద్దనీ అనలేదు. మొహం పక్కకు తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు.

హమాలీలు నలభై బస్తాలూ లారీకెక్కించారు. బయటి వేడికి బస్తాల మీద నీటి చుక్కలు లేచి, ఎర్ర పీలికలు తడిసి ముదురు రంగు తిరిగాయి. లారీ వెనక ఎక్కి కూర్చున్న చిన్న కొమురయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో వీరేశం అడగలేదు.

టిఫిను డబ్బా, గొడుగు తీసుకుని అతనూ గేటు వైపు నడిచాడు. వినీత తలుపు దాకా వచ్చింది. “సార్, మీ స్వెట్టరు!”

“బయట దాంతోని ఏం పని బిడ్డా,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

వినీత లోపలికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. కొడకండ్ల నుంచి ఎవరో ఆ నలభై బస్తాల సంగతి అడుగుతున్నారు. సిస్టం నెమ్మదిగా చెబుతోంది. “అవి చిన్న కొమురయ్య గారివి. వీరేశం గారు చెప్పారు.”

రెండో గది తలుపు పక్కన మేకుకు స్వెట్టరు వేలాడుతోంది, ఎడమ మోచేతి దగ్గర ఎరుపు దారం దొరక్క జానకి ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టుతో.