సలోమి పేరుతో వచ్చిన దొంగ

మా ఆయన దేవానందం మీద నాదొకటే ఫిర్యాదు. పొయ్యి మీద పాలు చూడమంటే చూడడు గానీ, టీవీ కింద పెట్టిన సర్వర్‌కు మాత్రం కన్నార్పకుండా కాపలా కాస్తాడు. సర్వర్ అంటే పెద్ద మాటే. మా మెట్టుగూడ ఇంట్లో అదొక పాత కంప్యూటర్, అంతే. అందులో మా అత్తగారు చివరి రెండేళ్లు ఆదివారాలు చేసిన ప్రార్థనల రికార్డింగులున్నాయి. ప్రతి ప్రార్థనా తన పిల్లలిద్దరి పేర్లతో ముగుస్తుంది.

ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లోంచి దాంట్లోకి దూరాలని చూస్తారట. రోజూ కాఫీ తాగుతూ, అలా వచ్చినవాళ్ల చిట్టా చదివి, ఇవాళ నాలుగొందల మందిని తరిమానని చెప్పేవాడు. వీధికుక్కను తరమలేని మనిషి.

మా ఆడబిడ్డ సలోమికీ అందులో ఒక పేరు, పాస్‌వర్డ్ పెట్టించి వెళ్లారు అత్తగారు. తిరుమల్‌ను గుళ్లో పెళ్లి చేసుకుందని ఈయన చెల్లెలితో పదకొండేళ్లుగా మాట్లాడడు. తల్లిని మట్టి చేసిన వారానికే పాస్‌వర్డులు తీసేశాడు. ఇక తన ల్యాప్‌టాప్‌లో దాచిన తాళం ఫైలు ఉంటేనే అది తెరుచుకుంటుంది. మూడుసార్లు తప్పితే వారం రోజులు తలుపు బంద్.

ఒక ఆదివారం చిట్టాలో సలోమి పేరు చూశాను. దొంగలు ఏ పేరైనా పెట్టుకుంటారన్నాడు. ఆ తాళమేదో ఇవ్వరాదా అంటే, వచ్చి అడగమన్నాడు. నేనే ఫోన్ చేయవచ్చు. మీ అన్న మూసేశాడని ఏ నోటితో చెప్పను? ఈయన కోపం చల్లారనీ అని ఊరుకున్నాను. ఐదు నెలలు, ప్రతి ఆదివారం ఆ పేరు వస్తూనే ఉంది. పోయిన వారం రాలేదు. సలోమి ఇక లేదు.

సలోమిని సమాధి చేసిన మూడో రోజు తిరుమల్ వచ్చాడు, ఆమె ఫోన్ పట్టుకుని. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, అత్తమ్మ ప్రార్థన ఒక్కటి జెర వినిపిస్తవా? దానికోసం సలోమి మస్తు పరేషాన్ అయింది. మొదటిసారి పక్షవాతమొచ్చినప్పుడే కుడిచెయ్యి పడిపోయింది. మీకు చెప్పొద్దన్నది. పాస్‌వర్డ్ వేళ్లే తప్పు కొడుతున్నయ్ అనుకునేది. నన్ను సుత కొట్టనియ్యకపోయేది. అమ్మ నా పేరు పిలుస్తది, నేనే తెరుస్తా అనేది."

మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"దాని వేళ్లు తప్పు కొట్టలేదు, తిరుమల్," అన్నాడు. అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు. "అది సలోమేనని నాకు తెలుసు. తెలిసే మూసిపెట్టిన. తప్పు నాది."