కుడిచెవి వయొలిన్

మీ దగ్గర దాపరికం ఎందుకు, నాకు కుళ్ళు. మా ఆఫీసులో కొత్తగా చేరిన డిజైనర్ని చూస్తే ఒళ్ళంతా కుళ్ళు.

పిచ్చుకా (నా స్నేహితురాలికి నేను పెట్టిన పేరులెండి) నేనూ ఒకే టీములో సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. లంచ్ అవగానే మెట్ల మీద కూర్చుని, ఒకే వైరు ఇయర్‌ఫోన్స్ చెరో ముక్కా పెట్టుకుని మా పాట వింటాం. ఏళ్ళ తరబడి ఎడమది నాది, కుడిది దానిది. ఆ పాట ఒంటరిగా వినకూడదని ఒట్టు. అయిపోయాక దాని గురించి వాగడమే అసలు మజా.

మొన్నొక రోజు మాతో పాటు మెట్ల మీదికొచ్చిన డిజైనర్ చెవిలో పిచ్చుక తన ముక్క తీసి పెట్టింది. పాట అయ్యేసరికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది.

"అక్కా, రెండో చరణంలో ఆ వయొలిన్... ప్రాణం పోయిందనుకో!"

"అదే కదే! ఇన్నాళ్ళకి నా బాధ అర్థమయ్యే మనిషి దొరికింది!" అంది పిచ్చుక.

"మరి నేనెవర్నే, ఈ మెట్ల రెయిలింగునా?" అన్నాను.

నిజానికి నాకెప్పుడూ ఏ వయొలినూ వినపడలేదు. పిచ్చుక ఆ మాటెత్తినప్పుడల్లా "అబ్బ, అవునే" అని తలూపేదాన్ని. నా చెవికే అంత రసం లేదనుకున్నాను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి మాత్రం మొదటిసారికే దొరికేసింది!

సాయంత్రం మీటింగుందని అబద్ధమాడి ఇయర్‌ఫోన్స్ తీసుకుని, బాత్రూంలో గడియ పెట్టుకుని, ఒట్టు తీసి గట్టున పెట్టాను. రెండో చరణం. కుడిచెవిలో వయొలిన్! ఎడమచెవిలో చుక్క కూడా లేదు. పాటనే అలా చెరోపక్కకీ విడగొట్టి రికార్డు చేశారు. తప్పులు పట్టడమే ఉద్యోగంగా బతికే మేమిద్దరం దీన్ని పట్టుకోలేదు.

చెబితే ఒట్టు తప్పానని, ఇన్నాళ్ళూ నటించానని తెలిసిపోతుంది. చెప్పకపోతే ఆ వయొలిన్ వాళ్ళిద్దరిదే అయిపోతుంది. మర్నాడు మెట్ల మీద చెప్పేశాను.

పిచ్చుక ఎగాదిగా చూసింది. "అంటే ఇన్నేళ్ళూ ఊరికే తలూపావా?"

"ఊపాను."

"ఒంటరిగా కూడా విన్నావు."

"విన్నాను. కొట్టు."

కొట్టలేదు. గొంతు తగ్గించింది. "పాట మొదట్లో ఫ్లూటు, ఫ్లూటు అని చచ్చిపోతుంటావే... అది నిజంగా ఉందా?"

"లేకపోవడమేంటే!"

"నేనొక్కసారీ వినలేదే తల్లీ. నీకేదో పిచ్చనుకుని తలూపేదాన్ని."

కడుపు పట్టుకుని నవ్వాం. ముక్కలు మార్చుకున్నాం.

"అక్కా, నాకూ ఓ ముక్క..." అంది పక్కనే కూర్చున్న డిజైనర్.

"ముందు మా ఇద్దరిదీ అవనీ," అన్నాను. కుళ్ళు పోయిందనుకున్నారా? ఎక్కడికి పోతుంది!

వినపడనిదానికి తలూపిన చరిత్ర మీకూ ఉండే ఉంటుంది. ఎవరి పక్కన కూర్చుని, ఏ పాటకి? కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త మనశ్శాంతి.