ఎరుపు ఎక్కడైనా ఎరుపే

ఉసుయి కనెహిరో నా కళ్ళ ముందు పడాలని పద్నాలుగేళ్ళు కోరుకున్నాను. పడడమంటే పదవి పోవడమో పరువు పోవడమో కాదు. మంచు మీద వెల్లకిలా పడాలి, టోపీ ఒకచోట, కర్రలు ఒకచోట. ఏటా డిసెంబరులో స్కీ బాటలు తెరిచే ముందు పూజారి వచ్చి, ఈ ఏడు ఎవరికీ దెబ్బ తగలకూడదని మంత్రం చదివి మంచు మీద సాకే అనే బియ్యపు సారా పోస్తాడు. అందరం తల వంచుతాం. నేనూ వంచేదాన్ని, ఆ ఒక్కణ్ణీ మినహాయించమని మనసులో వేడుకుంటూ.

నా పేరు మొరియా చిజు. నగానో కొండల్లో త్సురునె అనే స్కీ మైదానంలో గస్తీ దళానికి పెద్దని. పొద్దున్నే బాటలు చూసి రావడం, తాళ్ళు కట్టడం, బోర్డులు పాతడం, పడ్డవాళ్ళను రేకు పడవలో పడుకోబెట్టి మంచు మీద కిందికి లాక్కురావడం మా పని. కొండకు అవతలి పక్క కగామిదైరా ఉంది. కొండ ఒకటే, మంచు ఒకటే, యజమానులు వేరు. మా అన్నయ్య తెప్పెయ్ అక్కడి గస్తీ దళానికి పెద్దగా ఉండేవాడు. ఉసుయి అక్కడ మేనేజరు.

అన్నయ్యకు కొలతల పిచ్చి. ముప్పై రెండున్నర డిగ్రీల వాలును నేను ముప్పై మూడు అంటే చాలు, తింటున్న అన్నం గిన్నె కింద పెట్టి మరీ సరిదిద్దేవాడు. అర డిగ్రీ నీకు లెక్కలేదేమో గానీ దిగేవాడి మోకాలికి లెక్కే అనేవాడు. ఏటా ప్రతి బాటనూ కొలిచి నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

బాటలకు మూడు రంగులు. పచ్చ నేర్చుకునేవాళ్ళకు, ఎరుపు కాస్త వచ్చినవాళ్ళకు, నలుపు బాగా ఆరితేరినవాళ్ళకు. వినడానికి సులువే. చిక్కెక్కడంటే ఏ కొండ రంగులు ఆ కొండ వేసుకుంటుంది. తన దగ్గరున్న వాటిలో నిటారుగా ఉన్నదానికి నలుపు, చదునుగా ఉన్నదానికి పచ్చ. టోక్యో దగ్గర గుట్టలాంటి చోట నల్లబాట దిగి మురిసిపోయినవాడు మా ఎర్రబాట మధ్యలో చతికిలబడి వాళ్ళమ్మను తలుచుకుంటాడు. హొక్కైడో వాళ్ళు అక్కడి పిండిలాంటి మంచుకు అలవాటుపడి మా గట్టి మంచును తిట్టుకుంటారు. యూరప్ వాళ్ళకు నీలం అని ఇంకో రంగుంది. అమెరికా వాళ్ళు నల్ల వజ్రం గుర్తు ఎక్కడని వెతుక్కుంటారు. మీ ఎరుపు మా ఊళ్ళో ఏ రంగవుతుందని ఒక ఆస్ట్రేలియా ఆయన అడిగితే, దిగి రండి మీరే చెబుదురు గాని అన్నాను.

త్సురునె వాళ్ళకు ఇంకో జబ్బుంది, గొప్పలు పోవడం. మా ముసలమ్మలు ముల్లంగి బుట్టలు వీపుకు కట్టుకుని ఎర్రబాటల్లో దిగుతారని చెప్పుకుంటాం. నల్ల బోర్డు పెట్టామంటే భయపడ్డట్టే మాకు. తొమ్మిదో నంబరు బాటను మేమే మంగలికత్తి అని పిలుచుకుంటాం, అయినా దానికి ఎర్ర బోర్డే. తాతల నాటి నుంచీ అంతే. ఏటా పటం అచ్చుకు వెళ్ళే ముందు రంగులు సరిగా ఉన్నాయని, సంతకంలా చెల్లే పేరు ముద్ర వేసేది నేనే.

కగామిదైరాలో రంగు తగ్గించింది గొప్ప కోసం కాదు, గిరాకీ కోసం. అక్కడి ఆరో నంబరు ముప్పై నాలుగు డిగ్రీలు. అన్నయ్య దానికి నల్ల బోర్డు పెట్టాడు. నలుపు చూసి పిల్లాపాపలతో వచ్చేవాళ్ళు ఆ లిఫ్టే ఎక్కడం లేదని ఉసుయి పటంలో దాన్ని ఎరుపు చేసి అచ్చు వేయించాడు. అన్నయ్య ఎంత గొడవపడ్డా వినలేదు. పటం మీ ఇష్టం, పైన పాతిన బోర్డు మాత్రం తియ్యనన్నాడు అన్నయ్య. జనవరి సెలవుల ముందు రోజు ఆ బోర్డు మాయమైంది. మూడో రోజున నగోయా నుంచి వచ్చిన మందుల షాపు ఆవిడ, ఎర్రబాటలు బాగానే దిగే మనిషి, పటం నమ్మి అందులో దిగి నడుము విరగ్గొట్టుకుంది. మళ్ళీ నడవలేదు.

ఆ వారమే ఉసుయి సాకే సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బోర్డుల బాధ్యత గస్తీ పెద్దదే కాబట్టి నివేదికలో అన్నయ్య పేరుండడమే సబబన్నాడు. మైదానం మూతపడితే అరవై కుటుంబాలు ఏమైపోవాలన్నాడు. అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను.

"అమ్మాయ్ చిజూ, ఆ సిరా డబ్బా ఇలా తే" అన్నాడు ఉసుయి, వాళ్ళింటి పిల్లకు చెప్పినట్టు.

తెచ్చాను. ఎర్ర సిరా డబ్బా మూత కూడా నేనే తీసిచ్చాను. నివేదిక మీద అన్నయ్య ముద్ర వేశాడు.

ఆ తర్వాత ఏ కొండ మీదా అన్నయ్యకు పని దొరకలేదు. ఇప్పుడు ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతున్నాడు. స్కీలు మళ్ళీ కట్టలేదు. ఏటా ఆ తేదీన ఆపిల్ పెట్టె పట్టుకుని నగోయా వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు వంగి వస్తాడు. మొదటి ఐదేళ్ళు తలుపు తియ్యలేదు. ఆరో ఏడు ఆవిడ భర్త తలుపు తీసి పెట్టె అందుకుని మళ్ళీ వేసుకున్నాడట. అదే పెద్ద సంగతిగా అన్నయ్య ఇంటికొచ్చి చెప్పాడు. ఎరుపు వేసింది నేను కాదని వాళ్ళతో ఒక్కసారీ అనలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయేది.

ఈ చలికాలం రెండు మైదానాలూ కలిసిపోయాయి. రెండింటికీ ఒకే టికెట్టు, ఒకే పటం. అంటే రెండు పక్కలా రంగులకు ఒకే లెక్క ఉండాలి. దానికొక సంఘం వేశారు. మా కంపెనీ అధ్యక్షుడు హొకారిగారు దానికి పెద్ద. కగామిదైరా తరఫున వచ్చిందెవరనుకున్నారు? ఉసుయే. అరవై మూడేళ్ళొచ్చినా స్కీ పరీక్షలో నెగ్గినవాళ్ళకిచ్చే గోల్డ్ బ్యాడ్జిని టోపీకి మెరిపించుకుంటూ వచ్చాడు. నన్ను చూసి, మీ అన్నయ్య కులాసానా అని అడిగాడు. కులాసానే అన్నాను.

ముప్పై డిగ్రీలు దాటితే నలుపు అనే లెక్క తెచ్చింది ఆయనే. అయితే అన్ని బాటలూ కొలుద్దామని నేనంటే మాత్రం ఒప్పుకోలేదు. అదంతా దండగ పనన్నాడు.

"ఎరుపు ఎక్కడైనా ఎరుపేనమ్మా. ఏ ఊరి ఎరుపైనా నేను కళ్ళు మూసుకుని దిగుతాను" అన్నాడు టోపీ సర్దుకుంటూ.

"అలాగే. మా తొమ్మిదో నంబరు దిగి చూద్దాం రండి, ఉసుయిగారూ. కళ్ళు మూసుకోనక్కర్లేదు" అన్నాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాను. మంగలికత్తి మీదికి పదకొండయితే గానీ ఎండ రాదు. ముందు రోజు కరిగిన మంచు అప్పటిదాకా అద్దంలా గడ్డకట్టి ఉంటుంది. తెల్లవారుజామున మంచు చదును చేసే బండిని దాని మీదికి పంపకుండా ఆపింది కూడా నేనే. అబద్ధమెందుకు, ఆయన పడాలనే తీసుకెళ్ళాను.

వాలు కొలిచే పరికరం పట్టుకుని కగామిదైరా గస్తీ మనిషి నెజు మాతో వచ్చాడు. ఒకప్పుడు అన్నయ్య చేతి కింద పనిచేసినవాడు. ఆ పద్నాలుగేళ్ళలో నేను ఎదురుపడ్డప్పుడల్లా తల దించుకుని పోయేవాడు. ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

పైన ఎర్ర బోర్డు దగ్గర ఆగాం. కిందికి చూసి ఉసుయి బూట్ల పట్టీలు మళ్ళీ బిగించుకున్నాడు. లిఫ్టులోనే తిరిగి దిగుదామా అని నెజు మెల్లిగా అడిగితే కసురుకున్నాడు. నేను బోర్డు చూపించాను.

"ఎరుపే కదండీ" అన్నాను.

"కనిపిస్తోందిలే" అన్నాడు.

మొదటి మలుపు బాగానే తిరిగాడు. రెండో దాంట్లో కాళ్ళు బిగుసుకుపోయాయి. మూడో దాంట్లో స్కీ అంచు మంచులో దిగలేదు. అంతే, జారాడు. స్కీలు ఊడిపోయాయి, కర్రలు చెరో దిక్కుకూ పోయాయి, టోపీ బ్యాడ్జీతో సహా ఎగిరి వెదురుపొదలో పడింది. మనిషి మొదట కాళ్ళ వైపు జారి, సగంలో తిరగబడి, తల వైపు జారుకుంటూ పోయి అంచున మెత్తటి మంచులో కూరుకుపోయాడు. నా కడుపు చల్లబడింది.

కానీ ఆయన కదల్లేదు. నగోయా ఆవిడ గుర్తొచ్చింది. ఆ దూరం దిగి వెళ్ళేదాకా నా మీద నాకే రోత పుట్టింది. దగ్గరికి వెళ్ళేసరికి ఆయన నోరు తెరిచి తిట్టడం మొదలుపెట్టాడు. ఆ రోత కాస్తా పోయింది.

మోకాలు మెలిపడింది, విరగలేదు. ఎవరు పడ్డా అక్కడికక్కడే కాగితం నింపాలన్నది మా నియమం. అందులో ఏడో ప్రశ్న బాట రంగు తగినదేనా అని. దెబ్బతిన్నవాళ్ళు ఏం చెబితే అదే రాయాలి. చలికి పెన్ను ఆడదు కాబట్టి పెన్సిలు తీశాను.

"ఇది ఎరుపా? దీనికి ఎరుపు వేసినవాడు మనిషేనా? అలాంటివాణ్ణి ఒక్కరోజు కూడా కొండ మీద ఉంచకూడదు. రాయి" అన్నాడు.

"ఇదే మాట రాయమంటారా?"

"అక్షరం పోకుండా రాయి."

అక్షరం పోకుండా రాశాను. నెజు వాలు కొలిచి ముప్పై ఆరు అన్నాడు. ఇద్దరం కలిసి ఆయన్ను రేకు పడవలో కట్టి కిందికి దించాం. గస్తీ గదిలో కూర్చుని కాగితం చదువుకుని కింద సంతకం పెట్టాడు.

ఎనిమిది రోజులకు సంఘం మళ్ళీ కూర్చుంది. వాలు కొలిచిన నెజుతో కలిపి బల్ల చుట్టూ ఏడుగురం. ఉసుయి కర్ర ఊతంతో వచ్చాడు. నా ఉద్యోగం ఊడగొట్టడానికే వచ్చాడని మొహంలోనే తెలుస్తోంది. తన కాగితం అందరి ముందూ చదవమని హొకారిగారిని అడిగాడు. ఆయన చదివారు. దీనికి రంగు వేసిందెవరో చెప్పాలని ఉసుయి కర్రతో నేల పొడిచాడు.

"నేనే" అన్నాను. "మంగలికత్తి ముప్పై ఆరు డిగ్రీలు. అది నలుపు. ఎరుపని ఏటా ముద్ర వేసింది నేను. ఆ పూట మంచు గడ్డకట్టి ఉందని తెలిసే ఈయన్ను తీసుకెళ్ళాను. ఉసుయిగారి మాట న్యాయమే. రేపటి నుంచి కొండ మీదికి రాను."

ఆ కాగితం కిందనే ఈ నాలుగు ముక్కలూ రాసి నా ముద్ర వేశాను. ఉసుయికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అన్నయ్య నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

"కగామిదైరా ఆరో నంబరు. ముప్పై నాలుగు డిగ్రీలు. ఆ ఏడు పటంలో ఎరుపు. అది వేసినవారు కూడా ఈ బల్ల దగ్గరే ఉన్నారు" అని సిరా డబ్బా ఆయన ముందుకు జరిపాను. ఈసారి కూడా మూత నేనే తీసిచ్చాను.

అది వేరే సంగతన్నాడు. దానికి అప్పుడే ముద్ర పడిపోయిందన్నాడు. బోర్డు లేకపోవడం గస్తీ పెద్ద తప్పని అప్పుడే తేలిందన్నాడు. బల్ల చివర నుంచి నెజు గొంతు వినబడింది.

"బోర్డు పీకింది నేను. మేనేజరుగారు పీకమన్నారు. సామాన్ల గదిలో దాచాను, ఇప్పటికీ ఉంది."

హొకారిగారు నెమ్మదస్తుడు. తెల్లకాగితం మీద రెండే వాక్యాలు రాశారు. ఆరో నంబరు రంగు మార్చింది ఉసుయి కనెహిరో అని, నల్ల బోర్డు ఆయన చెబితేనే తీశారని. కాగితం ఆయన వైపు తిప్పారు.

"ఎరుపు ఎక్కడైనా ఎరుపే అన్నది మీరేగా, ఉసుయిగారూ" అన్నారు.

ఉసుయి జేబులోంచి ముద్ర తియ్యడానికి చాలాసేపు పట్టింది. ముద్ర వంకరగా, సగమే పడింది.

"పేరు కనబడ్డం లేదు. మళ్ళీ వెయ్యండి" అన్నాను.

మళ్ళీ వేశాడు.

ఒక నకలు నగోయాకు పోస్టు చేశాను. ఇంకొకటి తీసుకుని ఆ మధ్యాహ్నమే అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో బండి చక్రాల గొలుసులు కడిగి, ఉప్పు పెట్టెలు ఉన్న మూల కూర్చుని అన్నం ముద్ద తింటున్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు. నెజు బోర్డు పారెయ్యలేదా అని అడిగాడు. దాచాడన్నాను.

"నీ ఉద్యోగం?" అన్నాడు.

"పోయింది."

"తెలిసి తెలిసి ఆయన్ను అక్కడికి తీసుకెళ్ళడం తప్పు, చిజూ."

"తప్పే అన్నయ్యా."

ఫ్లాస్కులోంచి నాకూ టీ పోశాడు. కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎంత దూరం జారాడు?"

"అరవై మీటర్లు."

"కాళ్ళ వైపా, తల వైపా?"

"మొదట కాళ్ళు. సగం నుంచి తల."

"టోపీ?"

"బ్యాడ్జీతో సహా వెదురుపొదలో."

"మొదట్నుంచి చెప్పు" అన్నాడు.

చెప్పాను. టీ అయ్యేలోగా మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి అరవై మీటర్లు కాస్తా తొంభై అయ్యాయి. అర డిగ్రీ కోసం అన్నం గిన్నె కింద పెట్టే మా అన్నయ్య నన్ను సరిదిద్దలేదు.