అద్దం ముందు పాఠం

ఏవమ్మోయ్ కోడలు పిల్లా, ఆ పళ్ళు కాస్త లోపల పెట్టుకో! పిల్లాణ్ణి చూడ్డానికి ఆయమ్మను పెట్టుకున్నావటగా. "పనిమనిషి కాదు మావయ్యా, మా ఇంటి మనిషే" అని వీధంతా చాటింపేస్తున్నావట. అచ్చం ఆ ముక్కే జొహన్నెస్‌బర్గ్‌లో జోడ్వా మేడమ్ కూడా అనేది. విను మరి.

ఆవిడ పిల్లల్ని ఆరేళ్ళుగా దికెలెడి అనే ఆయమ్మ సాకుతోంది. ఇప్పుడు తనకే రెండో కాన్పు, ఐదో నెల. కాన్పుకి ఇంట్లో కూర్చుంటే సర్కారు నిధి నాలుగు నెలలు డబ్బిస్తుంది. కాకపోతే యజమాని ముందే పేరు రాయించాలి, నెల నెలా జీతంలోంచి నూటికొకటి కోసి, తన జేబులోంచి ఇంకొకటి కలిపి కట్టాలి. జోడ్వా ఒక్క నెల కడితే ఒట్టు.

అడుగుదామంటే దికెలెడికి నోరు పెగలదు. రోజూ పొద్దున్నే షేర్ టాక్సీకి పరిగెత్తే ముందు, ఊరి శివారు టెంబీసాలో తన గదిలో అద్దం ముందు నిలబడి వల్లె వేసేది: "మీ చుట్టాన్ని కాను. పని చేస్తున్నాను. నా పేరు రాయించండి."

పక్క వీధి న్థబెలెంగ్ ముసలమ్మ అప్పటికే వచ్చి, దికెలెడి మూడేళ్ళ కొడుకు థాటోకి సంకటి తినిపిస్తూ, తనూ ఓ ముద్ద తింటూ ఉండేది. సాయంత్రం తల్లి తిరిగొచ్చేదాకా, నెలకింతని తీసుకుని, వాడి ఆలనాపాలనా ఆవిడే చూసేది.

"పొద్దున్నే ఎవరితోనే తల్లీ ఆ పోట్లాట?"

"మా దొరసానితోనమ్మా!"

"ఇంకాస్త గట్టిగా అను. గొంతులో దమ్మే లేదు."

ఓ రోజు తెగించి అనేసింది. జోడ్వా మొహం మాడిపోయింది.

"నిన్ను ఇంటి మనిషివనుకున్నానే!"

"ఇంటి మనిషికి అందరూ తిన్నాక మిగిలింది పెడతారా మేడమ్?"

జోడ్వా పేరు రాయించింది. పాత బాకీతో సహా కట్టేసింది. మర్నాడు ఫ్రిజ్ తలుపు మూస్తూ, "పనిమనుషులు తిండి వాళ్ళే తెచ్చుకుంటారు. నువ్వూ తెచ్చుకో" అంది. పోతే పోయిందిలే అనుకుంది దికెలెడి.

పేరు ఎక్కిందో లేదో చూసుకుందామని లేబర్ ఆఫీసుకి బయల్దేరింది. ఆ రోజే ముసలమ్మ ఒంట్లో బాలేదని కబురు పెట్టింది. చేసేది లేక థాటోని కూడా తీసుకెళ్ళింది.

కిటికీలో గుమాస్తామ్మ కంప్యూటర్ చూసి, "ఉందమ్మా. నీ పేరు రెండు చోట్ల ఉంది" అంది.

"రెండేంటి?"

"ఒకటి పని చేసే చోట. ఇంకోటి పని చేయించుకునే చోట. అది ఇందాకే రాశాను."

ఈలోగా థాటో చెయ్యి విడిపించుకుని వెనక బెంచీ వైపు పరిగెత్తాడు. అక్కడ కూర్చునున్న న్థబెలెంగ్ ముసలమ్మ వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. తల నిమిరి, మెల్లగా కిందికి దించి, లేచి నిలబడింది.

"దికెలెడీ, నీ చుట్టాన్ని కాను. పని చేస్తున్నాను. నా పేరు రాయించు."

ఆ గొంతులో దమ్ముంది!

"అదేంటమ్మా! నిన్నెప్పుడైనా పనిమనిషిలా చూశానా? నువ్వు మా ఇంటి మనిషివి కదూ..." అని, సగంలో నాలిక్కరుచుకుంది దికెలెడి.

"ఇక్కడికొచ్చే దొరసానులందరూ అదే అంటారు" అని గుమాస్తామ్మ ఓ ఫారం ఇవతలికి తోసింది.

దికెలెడి సంతకం పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున్న ముసలమ్మ గుమ్మంలోకి రాగానే దికెలెడి టాక్సీకి వెళ్ళిపోయింది. గిన్నెలో సంకటి థాటో ఒక్కడికే ఉంది. అద్దం గోడ వైపుకి తిప్పేసి ఉంది.