సూరమ్మకు సొంత తిట్టు

పెళ్ళిలో వియ్యపురాలిని తిట్టకపోతే అది పెళ్ళి కాదు, సంతర్పణ. ఈ మాట నాది కాదు, మా తోడికోడలు సూరమ్మక్కది. అయినా నేనూ ఒప్పుకుంటాను. మగపెళ్ళివారు బంతిలో కూర్చుని బూరె కొరికే వేళకు, ఆడపెళ్ళివారి ఆడవాళ్ళంతా ఓ పక్కన చేరి పాట ఎత్తుకోవాలి. పెళ్ళికొడుకు తల్లి వంకలన్నీ ఆ పాటలో రావాలి. ఆవిడ తల వంచుకుని తింటూ లోలోపల మురిసిపోవాలి. తిట్టలేదంటే ఆవిడను ఎవరూ లెక్కచెయ్యలేదని అర్థం. తిట్టించుకోని వియ్యపురాలు ఊరికి తిరిగెళ్ళి ఏ మొహం పెట్టుకుని పేరంటానికి పోతుంది?

ఐనవిల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఆ తిట్ల పాటలకు సూరమ్మక్కే పెద్ద దిక్కు. పిలిచినవాళ్ళ తరఫున వెళ్ళి అవతలివాళ్ళను తిట్టి వచ్చేది. నా పేరు వరహాలమ్మ. ఆవిడ వెనక వంత పాడేదాన్ని. చరణాలన్నీ ఆవిడవి, "అవునే వదినా అవునే" మాత్రం నాది. ఏళ్ళ తరబడి అవునే అవునే అని నా గొంతు అరిగిపోయింది గానీ, వరహాలమ్మ బాగా పాడిందని ఒక్కరైనా అన్నారా? అనరు. పోనివ్వండి.

అక్క నోటికొచ్చినట్టు తిట్టే రకం కాదు. పెళ్ళి కుదిరిందని తెలియగానే పడవెక్కి ఆ వియ్యపురాలి ఊరు వెళ్ళేది. చాకలి రేవులో ఒక పూట, పూలమ్మే మనిషి అరుగు మీద ఒక పూట కూర్చునేది. ఆవిడ అరువు తెచ్చిన పంచదార తిరిగిస్తుందా లేదా, అత్తగారి మీద కోపం ఏ గిన్నె మీద చూపిస్తుంది, అన్నీ కనుక్కునేది. నిజమైన వంక దొరికాకే పాట కట్టేది. "లేని వంక పెట్టి తిడితే నోరు పుచ్చిపోద్దే," అనేది.

ఆవిడ చేత తిట్టించుకోవడానికి జనం ఎంత ఎగబడేవారంటే, ఓసారి రాజోలు నుంచి ఒకాయన చక్కెరకేళీ గెల భుజాన వేసుకుని వచ్చాడు. "మా అప్పగారి మీద మూడు చరణాలే కట్టేరంటండి. ఆవిడ తోడికోడలికి అయిదు కట్టేరంట. మా పరువేం కావాలండి? మా అప్పగారు నిద్దట్లో పళ్ళు కొరుకుతారండి, అదీ వేసుకోండి," అని బతిమాలాడు. అక్క ఆయన మాట నమ్మలేదు. గెల ముట్టుకోకుండా రాజోలు వెళ్ళి, ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకుని, స్వయంగా విని వచ్చి నాలుగో చరణం కట్టింది. అదీ మా అక్క నిష్ఠ.

ఇక కొత్తపేట కాంతం సంగతి. గొంతు చూస్తే తేనె, పాటలో సరుకు చూస్తే సున్నా. మొదట్లో ఆవిడా నాలుగు పెళ్ళిళ్ళలో పాడింది. తర్వాత ఆవిడ మొగుడు మాణిక్యాలరావు ఎక్కడినుంచో టేపురికార్డరు తెచ్చాడు. ఎనభై రెండులో అనుకుంటాను, కాంతం తిట్లు కేసెట్టుగా వచ్చాయి. ఒక వైపు వియ్యపురాలికి, రెండో వైపు వియ్యంకుడికి. అన్నీ సినిమా బాణీలే. మరి అందులో వియ్యపురాలి పేరు ఎలా వస్తుందంటారా? పేరు రావలసినచోట "టింగ్" మని గంట కొట్టి కొంచెం ఖాళీ వదిలిపెట్టారు. గంట వినపడగానే పందిట్లో ఆడవాళ్ళంతా వియ్యపురాలి పేరు అరవాలి. అంతే, తిట్టు తయారు.

నవ్వకండి. నేను నా కళ్ళతో చూశాను. అమలాపురంలో ఒక పెళ్ళిలో వియ్యంకుడి పేరు వీరవెంకటసత్యనారాయణ. గంట కొట్టింది. ఆడవాళ్ళు "వీరవెంకట" అనేలోపు ఖాళీ అయిపోయి కాంతం అందుకుంది. మిగిలిన సత్యనారాయణను తర్వాతి గంటలో అరిచారు. పిసినారితనం వీరవెంకట ఖాతాలో పడింది, తిండిపోతుతనం సత్యనారాయణ ఖాతాలో పడింది. ఆ రెండోవాడెవడో మా బంతిలో లేడండీ అని మగపెళ్ళివారు వెతకడం మొదలుపెట్టారు. ఇంకో పెళ్ళిలో తిరుపతిలో గుండు చేయించుకుని అప్పుడే వచ్చిన వియ్యపురాలిని, "జానెడు జడకు బారెడు సవరం" అని తిట్టింది కేసెట్టు. ఆవిడ ముసుగు సర్దుకుని తెగ మురిసిపోయింది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. సిగ్గూ శరం ఉండక్కర్లేదూ?

జనానికి కావలసింది అదే అయింది. కేసెట్టుకు పడవ పంపక్కర్లేదు, తాంబూలం ఇవ్వక్కర్లేదు, దాని పక్కన వంత పాడే వరహాలమ్మకు బూరెలు పెట్టక్కర్లేదు. మమ్మల్ని పిలవడం తగ్గిపోయింది. తర్వాత మానేశారు. కాంతం పేరు కాట్రేనికోన దాకా పాకింది. అక్క మాత్రం మెట్టు దిగలేదు. "అది తిట్టా? సంతలో అమ్మే చొక్కా. అందరికీ పడుద్ది, ఎవరికీ సరిపోదు," అనేది. ఈ మాట కాంతం దాకా వెళ్ళింది. "పిలిచే దిక్కు లేనోళ్ళకి నిష్ఠలెక్కువండి," అని అక్కడినుంచి జవాబు వచ్చింది. ఆ రోజు అక్క అన్నం తినలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఇలా ఉండగా మా దుర్గారావు బాంబు పేల్చాడు. దుర్గారావంటే అక్క కొడుకు. అమలాపురంలో మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళలో ఆ కాంతం కేసెట్టు తిప్పేది వీడే. తిప్పీ తిప్పీ కాంతం కూతురు సుగుణ మీద మనసు పారేసుకున్నాడు. "చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానమ్మా," అని తల్లి ముందు తేల్చి చెప్పాడు.

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మా బావగారు, అక్క పెనిమిటి సూర్యనారాయణ గారు, ముందు జాగ్రత్తగా చెప్పులేసుకున్నారు. అక్క మాత్రం ఒక్కటే అడిగింది. "అయితే కాంతం నన్ను తిట్టాలన్నమాట?"

సంబంధం మాట్లాడడానికి మాణిక్యాలరావు వచ్చాడు. లాంఛనాల మాట ఎత్తబోతే అక్క చెయ్యి అడ్డంపెట్టింది.

"పట్టుచీర వద్దండి, వెండి సామాను వద్దండి. మీ ఆవిడ నా మీద సొంతంగా పాట కట్టి, నిలబడి, తన నోటితో తిట్టాలండి. నిజమైన వంక పెట్టి తిట్టాలి. కేసెట్టు పెట్టేరో, విస్తరి ముందు నుంచి లేచిపోతాను. మా వాడూ నాతోనే లేస్తాడు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ఆయన. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వెండి అడిగితే ఎక్కడో తెచ్చేవాడు పాపం, ఇదెక్కడ తెస్తాడు?

పెళ్ళికి ముందు కాంతం మా ఊరు వస్తోందని కబురొచ్చింది, వంకలు వెతుక్కోవడానికి. అక్క హడావుడి చూడాలి! ఇల్లు సర్దుతుందనుకున్నాను. సర్ది ఉన్న ఇల్లు చెదరగొట్టింది. అంట్లగిన్నెలు తెచ్చి వీధి గుమ్మంలో పేర్చింది. బొట్టు వంకరగా పెట్టుకుంది.

"నేను పెసరట్టు మాడుస్తానని నువ్వు మాటల మధ్యలో అనవే వరాలూ," అని నన్ను పురమాయించింది.

"అదీ ఒక వంకేనా అక్కా? నా బుర్ర తినకు," అన్నాను.

"మరి నాకు పెద్ద వంకలేం ఉన్నాయే?" అంది, నిజంగానే తెలియనట్టు.

నేను తెరిచిన నోరు మూసేసుకున్నాను. చెబితే బతకనిస్తుందా?

కాంతం వచ్చింది. మనిషి పీలగా, భయం భయంగా ఉంది. కాఫీ తాగింది. మాడిన పెసరట్టు తిని బాగుందండీ అంది. గుమ్మంలో అంట్లు చూసి, "అయ్యో, పనిమనిషి రాలేదేటండి వదినగారూ?" అని కొంగు బిగించి, వీధరుగు మీదున్న బావగారి కంచంతో సహా అన్నీ తోమి, బోర్లించి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

"నా వంకలన్నీ తోమేసిపోయిందే!" అని అక్క నెత్తి కొట్టుకుంది. "దీనికి తిట్టడం చేతకాదు. నా బతుకింతే. ఊరందరికీ కట్టేను, నాకు కట్టేవాళ్ళు లేరు."

అని, వంకర బొట్టు సరిచేసుకునే నెపంతో కళ్ళు ఒత్తుకుంది. నేను చూడనట్టు తోమిన గిన్నెలు లోపలికి చేరవేశాను.

పెళ్ళి కొత్తపేటలో. ముహూర్తం రాత్రికి, మధ్యాహ్నం మాకు విందు. పందిట్లో విస్తళ్ళు పరిచారు. బూరెలు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, ఏ లోటూ లేదు. ఆడవాళ్ళ బంతి నడిమధ్య అక్క కూర్చుంది. మా వాళ్ళంతా వెనకెనక్కి జరిగి, ఆ చివరా ఈ చివరా సర్దుకున్నారు. అక్కకు అటూ ఇటూ విస్తళ్ళు ఖాళీగా మిగిలాయి. వియ్యపురాలి తరఫున జవాబు పాడాలి గనక నన్ను ఎదురుగా నిలబెట్టారు. అవునే వదినా తప్ప ఇంకో ముక్క రానిదాన్ని ఏం జవాబు పాడతాను?

కాంతం పందిరి రాట పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరో నవ్వారు. "పెట్టండెహె కేసెట్టు, బూరెలు చల్లారిపోతన్నాయి!" అని ఒక ముసలమ్మ అరిచింది. మాణిక్యాలరావుకు చెమటలు పట్టాయి. మైకుసెట్టు దగ్గర అల్లుడికి బదులు నిలబడ్డ కుర్రాడికి సైగ చేసేశాడు. సినిమా బాణీ మొదలైంది. టింగ్ మంది గంట.

"సూరమ్మా!" అని పందిరంతా అరిచింది.

అక్క విస్తరి మీద నుంచి చెయ్యి తీసేసింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. పెళ్ళికొడుకు బట్టల్లో ఉన్న దుర్గారావు మగవాళ్ళ బంతిలోంచి ఒక్క దూకు దూకి వైరు పీకేశాడు. కాంతం కూతురు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. కాంతం ఆ పిల్లను చూసింది, సగం లేచిన అక్కను చూసింది, అక్క పక్కనున్న ఖాళీ విస్తళ్ళను చూసింది. అప్పుడు ఎత్తుకుంది. సినిమా బాణీ కాదు, మా పాత బాణీ.

"వంకల మూట విప్పే తల్లీ, వచ్చావా మా వాకిట్లోకి
ఊరందరినీ కడిగేదానా, నిన్ను కడిగే నాథుడెవరే"

జనం గొల్లుమన్నారు. అక్క లేచేది ఆగి మళ్ళీ కూర్చుంది. ఇదేదో బాగుందే అని నాకూ అనిపించింది.

"మెతుకు జారితే చరణం నీకు, పులుసు జుర్రితే పల్లవి నీకు
పక్క విస్తట్లో ఎవరే తల్లీ, పారిపోయిందే బంతంతా
కట్టుకున్నోడూ కంచం పట్టి వీధరుగెక్కాడంట కదా"

నవ్వు సగంలో ఆగిపోయింది. నిజమే మరి. మా బావగారు రోజూ వీధరుగు మీదే తింటారు, గాలి బాగుంటుందని చెబుతారు. మగవాళ్ళ బంతిలో ఆయనకు పొలమారింది. మా వాళ్ళెవరూ తల ఎత్తడం లేదు. అక్క ఎదుట తింటే ఆ తినడం ఏ పాటలో తేలుతుందో అని మా వంశంలో అందరికీ హడలు. ఊళ్ళో ఎవరైనా చెప్పారో, అరుగు మీద దొరికిన ఆ కంచమే చెప్పిందో, కాంతం కనిపెట్టేసింది.

"నలుగురి నోటా నవ్వుల పంట, నట్టింట్లోనేమో ఒంటరి వంట
నిన్ను తిట్టే దిక్కే లేక మా గడప తొక్కావా వదినా"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. జవాబు పాడాల్సింది నేను. నా నోటికి ఏమొస్తుంది? "అవునే వదినా అవునే" అన్నాను. మగపెళ్ళివారి మనిషినై ఉండి ఆడపెళ్ళివారి పాటకు వంత పాడాను. మా వైపు ఆడవాళ్ళు నన్ను చంపేసేలా చూశారు. చూడనీ.

అక్క కళ్ళనుంచి నీళ్ళు బూరె మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. ఇంక లేచిపోతుందనే అందరూ అనుకున్నారు. మాణిక్యాలరావు రెండు చేతులూ జోడించేశాడు.

"చివరి చరణంలో తాళం జారిందండి వదినగారూ," అంది అక్క. "మళ్ళీ పాడండి. ఈసారి అందరికీ వినపడాలి."

కాంతం మళ్ళీ పాడింది. తాళం జారలేదు. పాడి, రాట వదిలేసి, నడిచి వచ్చి, అక్క పక్కన ఖాళీ విస్తరి ముందు కూర్చుంది. వడ్డించేవాడు గరిటతో పరిగెత్తుకొచ్చాడు.

"నాకొద్దు నాయనా, కన్యాదానం దాకా ఉపవాసం," అంది కాంతం. "ఊరికే కూర్చుంటానండి వదినగారూ. మీరు తినండి."

అక్క బూరె తిన్నది. పనసపొట్టు తిన్నది. గుమ్మడికాయ పులుసు చేతిలోకి తీసుకుని జుర్రింది. కాంతం చూస్తూనే ఉంది. పందిరంతా చూస్తోంది.

"పులుసు జుర్రేటప్పుడు మీ ముక్కు కుందేలు ముక్కులా ఆడతాదండి," అంది కాంతం.

"ఆయ్," అంది అక్క. "మా అమ్మ పోయేక ఆ మాట అన్నవాళ్ళు లేరండి."

అని, మళ్ళీ చేతినిండా పులుసు తీసుకుని, ఈసారి ఇంకాస్త గట్టిగా జుర్రింది.