తిట్లతో వేడెక్కే బండి

ఆ ఇంట్లో పొద్దున్నే పాలకంటే ముందు ఇంజను కాగాలి. డీజిలు కారు కదా, అందులో హీటర్ ప్లగ్గులు వేడెక్కందే చల్లటి ఇంజను అంటుకోదు. అవేమో కాలిపోయి చాలా కాలమైంది. మార్చాలన్నాడు మెకానిక్. "మా చెల్లెలుండగా ప్లగ్గులు దండగ కదా!" అన్నాడు ఇంటాయన. మెకానిక్‌కీ అది సబబుగానే తోచి, బానెట్ మూసేసి తన దారిన తాను పోయాడు.

చెల్లెలు రోజూ బానెట్ ఎత్తిపట్టుకుని వదినను తిట్టేది. "చేతకాని మొద్దు" దగ్గర ఇంజను గోరువెచ్చన. "నీ వంట కుక్క కూడా వాసన చూడదు" అనేసరికి ముట్టుకుంటే చురుక్కుమనేది. వదిన పల్లెత్తు మాటనకుండా తాళం తిప్పేది. గుప్పుమని నల్లపొగ. ఇంటాయన దర్జాగా ఎక్కి కొట్టుకి పోయేవాడు.

నిజానికి బండి వదినదే, పెళ్ళికి ముందు కొనుక్కున్నది. ఇప్పుడు ఆవిడకి డ్రైవింగు స్కూల్లో నేర్పే ఉద్యోగం వచ్చింది. సొంత బండితో తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి.

చేరాల్సిన రోజు పొద్దున ఆడపడుచు బానెట్ ఎత్తింది. నోట్లోంచి తేనె కారింది.

"బంగారు వదినా! చల్లగా వెళ్ళి చల్లగా రా."

ఇంజను మంచుగడ్డ.

"ఒక్క మాట తిట్టు, నీకు పుణ్యముంటుంది," స్టీరింగు ముందు కూర్చున్న వదిన బతిమాలింది.

"నిన్నా? కళ్ళు పోవూ! నువ్వెళ్తే అంట్లెవరు తోముతారని నేనేమైనా అన్నానా?"

ఇంటాయన కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసి జేబులో వేసుకున్నాడు. "అంటుకోని బండితో కుస్తీ దేనికి? లోపలికి రా."

వదిన తనే తిట్టబోయింది. అలవాటు లేని నోరాయె. "నువ్వు... నువ్వు మంచిదానివి కాదు."

"అబ్బో! ఆ తిట్టుకి అగ్గిపుల్ల కూడా వెలగదమ్మా!" పకపకా నవ్వింది ఆడపడుచు.

వదిన గొంతు తగ్గించింది.

"మా అమ్మ నన్ను చూడ్డానికొస్తే, ఇంట్లో లేనని చెప్పి గుమ్మంలోంచే పంపేశావు. నేను వంటింట్లోనే ఉన్నాను. మీ అన్నయ్య నీ పక్కనే ఉన్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ నెలలోనే పోయింది."

ఇంజను దడదడమంటూ అంటుకుంది. ఆడపడుచు చెయ్యి చుర్రుమంది. వదిలేసిన బానెట్ ధబ్బున మూసుకుంది.

ఇంటాయన జేబు తడుముకున్నాడు. తాళం అక్కడే ఉంది. "ఆపవే!" అని అరుస్తూ, తనే దాన్ని దూర్చి వెనక్కి తిప్పాడు. మొండికేసిన డీజిలు ఇంజను తాళం మాటే వినదు, మొగుడి మాట వింటుందా? వదిన గేరు వేసింది.

సాయంత్రం స్కూలు మూసే వేళకి కూడా ఇంజను వేడి తగ్గలేదు. వదిన గేటు దాటి, ఇంటివైపు కాకుండా రెండోవైపు తిప్పింది.